పక్షులు రాలిపోతున్నాయి, చేపలు తేలుతున్నాయి: ఇది అంత్యదినాల ప్రవచన నెరవేర్పేనా?

సోదరుడికి ప్రభువు నామంలో వందనాలు.

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావారి కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. రోడ్ల మీద రాలిపడిన పక్షులు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలు, గుంపులుగా చచ్చిపడిన జింకలు, వీటన్నిటినీ కలిపి కుట్టిన వీడియో ఒకటి మీకు వచ్చింది. కింద హోషేయ 4:3, ప్రకటన 8:9 వేశారు. ఇది నెరవేర్పేనా అన్నది మీ మొదటి ప్రశ్న. కాకపోతే ఇలాంటివి ఈమధ్య ఎందుకు పెరిగాయన్నది రెండోది. "కాదు" అంటే నేను కూడా 2 పేతురు 3వ అధ్యాయంలోని అపహాసకుల్లో చేరిపోతానా అన్నది మూడోది. చివర్లో, ఈ వీడియోను యౌవనస్థుల కూటంలో చూపించవచ్చా అని కూడా అడిగారు.

నేను చిన్న ప్రవక్తలనూ ప్రకటన గ్రంథాన్నీ చాలా ఏళ్లుగా బోధిస్తున్నవాణ్ణి. నా జవాబు ఏమిటంటే, కాదు, ఇది నెరవేర్పు కాదు. అంత్యదినాలు లేవని గానీ, ప్రభువు రాకడ అబద్ధమని గానీ నేను అనడం లేదు. రాకడను నమ్ముతాను. ఆ వీడియో వాడుకున్న వాక్యాలు ఆ వీడియో చెప్పే మాట చెప్పడం లేదు, అంతే.

ముందు హోషేయ దగ్గరికి వెళ్దాం. 4:3లో దేశం ప్రలాపిస్తోంది, పశువులు, ఆకాశపక్షులు క్షీణిస్తున్నాయి, సముద్ర మత్స్యాలు కూడా గతించిపోతున్నాయి అని ఉంది. విడిగా చదివితే నిన్నటి వార్తలాగే ఉంటుంది. కానీ ఆ వచనం "కాబట్టి" అని మొదలవుతుంది. దేన్ని బట్టి? పై రెండు వచనాలు చూడండి. సత్యం లేదు, కనికరం లేదు, దేవుని గూర్చిన జ్ఞానం లేదు. అబద్ధసాక్ష్యం, అబద్ధం, హత్య, దొంగతనం, వ్యభిచారం, ఒక నరహత్య వెంట ఇంకో నరహత్య. దీన్ని చూచి యెహోవా దేశనివాసులతో వ్యాజ్యెమాడుతున్నాడు. అంటే ఇది కోర్టు కేసు. ముద్దాయి ఇశ్రాయేలు ఉత్తర రాజ్యం, కాలం క్రీ.పూ. 8వ శతాబ్దం. హోషేయ రాబోయే కాలం గురించి కాదు, తన కళ్లెదుట ఉన్న దేశం గురించి మాట్లాడుతున్నాడు. ఆ కేసులో తీర్పు కూడా వచ్చేసింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ రాజ్యపు రాజధాని సమరియ అష్షూరు చేతికి చిక్కింది.

ఆ అధ్యాయంలో ఇంకో మూడు వచనాలు కిందికి దిగితే దేవుని వేలు యాజకుల వైపు తిరుగుతుంది. "నా జనులు జ్ఞానము లేనివారై నశించుచున్నారు" అన్న మాట మనకందరికీ కంఠతా వచ్చు. అది యాజకులు చేయాల్సిన పని చేయనందుకు పడిన అభియోగం. మూడో వచనాన్ని పోస్టర్ మీద వేసేవారు ఆరో వచనం దగ్గర ఆగరెందుకో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. బోధించేవాళ్ల మీదే ఉన్న వచనం కదా, పోస్టరుకు పనికిరాదు కాబోలు.

ఇదే హోషేయ గ్రంథంలో జంతువుల గురించి నిజంగా భవిష్యత్తులోకి చూసే మాట ఒకటి ఉంది. 2:18 తీయండి. "ఆ దినమున" అని మొదలుపెట్టి, భూజంతువులతో, ఆకాశపక్షులతో, నేలమీద పాకే వాటితో దేవుడు నిబంధన చేస్తానంటున్నాడు. విల్లూ కత్తీ విరిచేస్తానంటున్నాడు. హోషేయ దృష్టిలో ఆ దినం జంతువులకు చావు తెచ్చేది కాదు, నెమ్మది తెచ్చేది. ఈ వచనం వేసిన వీడియో ఒక్కటీ నా కంట పడలేదు.

జెఫన్యా 1:2-3 గురించి కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. మనుషులను, పశువులను, పక్షులను, సముద్రపు చేపలను ఊడ్చివేస్తానని దేవుడు అంటాడు. ఇక్కడ మాత్రం కాస్త నిదానించాలి. ప్రవచనం యోషీయా కాలంలో యూదాకు వచ్చింది, యెరూషలేము పతనంతో చాలావరకు తీరింది. కానీ మాట మరీ విశాలంగా ఉంది కాబట్టి, చివరి తీర్పు ఛాయ అందులో ఉందనే వ్యాఖ్యాతలతో నాకు పేచీ లేదు. ఆ పేర్ల వరుస కూడా గమనించండి. ఆదికాండములో చేపలు, పక్షులు, పశువులు, చివరికి మనిషి. జెఫన్యాలో మనిషి, పశువులు, పక్షులు, చేపలు. సృష్టిని వెనక్కి తిప్పేస్తున్నాడు. అందులో ముందు పోయేది మనిషే. చేపలు ముందు చచ్చి, అది చూసి మనుషులు జాగ్రత్తపడే ఏర్పాటు అక్కడ లేదు.

ఇక ప్రకటన గ్రంథం, 8వ అధ్యాయం. తీర్పు తెచ్చే ఏడు బూరల్లో రెండోదాన్ని దేవదూత ఊదినప్పుడు అగ్నితో మండే పెద్ద కొండ లాంటిది సముద్రంలో పడుతుంది. సముద్రంలో మూడో భాగం రక్తమవుతుంది, అందులోని ప్రాణుల్లో మూడో భాగం చస్తాయి, ఓడల్లో మూడో భాగం నాశనమవుతాయి. 16:3లో దేవుని కోపంతో నిండిన రెండో పాత్ర కుమ్మరించినప్పుడు సముద్రంలో ఉన్న జీవజంతువులన్నీ చస్తాయి. దీన్ని అక్షరార్థంగా తీసుకున్నా, సాదృశ్యంగా తీసుకున్నా, ఒక్క రేవులో తేలిన చేపలు ఆ కొలతకు రావు. వచనంలో ఓడలు కూడా ఉన్నాయి, వీడియోలో ఓడ ఒక్కటీ మునగలేదు.

మన సంఘాల్లో చాలామంది సంఘం ఎత్తబడిన తర్వాతే శ్రమలకాలం, అందులోనే బూరలు అని నమ్ముతారు. ఆ లెక్క పట్టుకున్నవారు ఈ చేపలను రెండో బూర అనడానికే లేదు. అలా అంటే, మనం ఎత్తబడకుండా మిగిలిపోయామని ఒప్పుకోవాలి. ఈ తిరకాసు వాళ్లకు తోచకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

పక్షుల సంగతి మరీ చిత్రం. ప్రకటన గ్రంథం మొత్తం వెతకండి, ఆకాశం నుంచి పక్షులు చచ్చి రాలే వచనం ఉండదు. 19వ అధ్యాయంలో మాత్రం పక్షులున్నాయి. దేవుని గొప్ప విందుకు రమ్మని దేవదూత వాటిని పిలుస్తాడు, అవి వచ్చి కడుపారా తింటాయి. చచ్చేది రాజులు, సహస్రాధిపతులు.

మత్తయి 24లో ప్రభువు చెప్పిన జాబితాలో యుద్ధాలు, కరవులు, భూకంపాలు ఉన్నాయి. లూకా 21 తెగుళ్లను కూడా చేర్చింది. జంతువుల చావులు రెండింటిలోనూ లేవు. ఉన్నవాటి గురించి కూడా ఆయన అన్నది "అంతము వెంటనే రాదు" అనే, ఇవి వేదనలకు ప్రారంభమనే.

వాక్యం పక్కన పెట్టి, 2011లో అసలేం జరిగిందో చూద్దాం. ఈ వీడియోలన్నీ అక్కడి నుంచే పుట్టాయి. 2010 డిసెంబరు 31 రాత్రి, అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బీబీ అనే ఊళ్లో దాదాపు 5,000 పక్షులు ఇళ్ల మీద, రోడ్ల మీద పడి చచ్చాయి. ఎక్కువభాగం ఎర్ర రెక్కల నల్లపిట్టలు. చలికాలంలో ఇవి వేలకు వేలుగా ఒకేచోట చెట్ల మీద పడుకుంటాయి. చీకట్లో వీటికి చూపు సరిగా ఆనదు. కొత్త సంవత్సరం టపాసుల మోతకు ఒక్కసారిగా బెదిరి లేచి, చాలా తక్కువ ఎత్తులో ఎగిరి, గోడలకూ చెట్లకూ గుద్దుకున్నాయి. కోసి చూస్తే లోపల రక్తస్రావం, గట్టి దెబ్బల గుర్తులు కనిపించాయి. విషం జాడ లేదు. మరుసటి ఏడాది డిసెంబరు 31 రాత్రి అదే ఊళ్లో మళ్లీ టపాసులు పేలాయి, మళ్లీ పక్షులు చచ్చాయి, ఈసారి తక్కువ. క్యాలెండరు చూసి వచ్చే తీర్పు ఏ బూరకు చెందుతుందో ఎవరైనా చెబితే వింటాను.

బీబీకి రెండు మూడు రోజుల ముందే అదే రాష్ట్రంలో, ఆర్కన్సా నదిలో లక్ష దాకా డ్రమ్ అనే చేపలు చచ్చి తేలాయి. ఒకే రాష్ట్రం, ఒకే వారం. ఇంకేం, కథ అల్లుకుపోయింది. కానీ చచ్చింది ఒకే జాతి చేప. నీళ్లలో విషం కలిస్తే అన్ని జాతులూ పోతాయి, ఒక్క జాతే పోయిందంటే రోగాన్ని అనుమానిస్తారు. ఆ జనవరిలోనే అమెరికాలోని చీసపీక్ అఖాతంలో దాదాపు 20 లక్షల చిన్న చేపలు చచ్చాయి, కారణం నీరు అకస్మాత్తుగా చల్లబడటం. మార్చిలో కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్ రేవులోకి సార్డీన్ అనే చేపలు లక్షలుగా దూరి, ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేసి ఊపిరాడక చచ్చాయి. నాలుగు చోట్ల నాలుగు కారణాలు. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, మనం వాటిని ఒకే తెర మీద చూశాం.

ఆ ఏడాది గాలి కూడా అలాగే ఉంది. 2011 మే 21న తీర్పు అని రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ప్రకటించాడు, రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. మే 21 పోయింది. అక్టోబరు 21 అన్నాడు, అదీ పోయింది. మరుసటి ఏడాది ఆయనే తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. చచ్చిన పక్షుల వార్తలు ఆ భయం మీదే పడ్డాయి, ఎండిన గడ్డికి నిప్పు తగిలినట్టు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇవి పెరిగాయా? సగం నిజం. 1904 మార్చి 13 రాత్రి, అమెరికాలోని మిన్నెసోటా, అయోవా ప్రాంతాల మీదుగా వలస వెళుతున్న లాప్లాండ్ లాంగ్‌స్పర్ అనే చిన్న పిట్టలు తడిమంచు తుఫానులో చిక్కుకున్నాయి. వర్తింగ్టన్ అనే ఊరి దగ్గర గడ్డకట్టిన రెండు సరస్సుల మీదే ఏడున్నర లక్షలు పడి ఉన్నాయని లెక్కగట్టారు. మొత్తం 15 లక్షలు దాటి ఉంటుందన్నారు. బీబీకి మూడు వందల రెట్లు. ఫోను లేదు, వీడియో లేదు కాబట్టి ప్రపంచానికి తెలియలేదు. ఇప్పుడు పది పిట్టలు పడినా సాయంత్రానికి మన చేతిలో ఉంటుంది.

మిగతా సగం మాత్రం కొట్టిపారేసేది కాదు. 1940 నుంచి శాస్త్ర పత్రికల్లో నమోదైన 727 సామూహిక మరణాలను కలిపి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చింది. జనం ఎక్కువగా గమనించడం వల్ల సంఖ్య పెరిగిన మాట నిజమే గానీ, పక్షులు, చేపలు, సముద్రపు వెన్నెముక లేని జీవుల విషయంలో ఒక్కో ఘటన తీవ్రత కూడా పెరిగిందని తేల్చారు. క్షీరదాల్లో మార్పు లేదు, సరీసృపాలు, ఉభయచరాల్లో తగ్గింది. కారణాల్లో మొదటిది రోగం, ఆ తర్వాత మనుషుల పనులు, ముఖ్యంగా కాలుష్యం.

మీ వీడియోలోని "జింకలు" నిజానికి సైగా అనే ముక్కు ఉబ్బిన గడ్డిమైదానపు జంతువులు. 2015 మేలో కజకిస్తాన్‌లో, పిల్లలను ఈనే వేళ, మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా చచ్చాయి. ప్రపంచంలో ఉన్న సైగాల్లో సగానికి మించి పోయాయన్న మాట. కొన్ని మందల్లో తల్లీ పిల్లా ఒక్కటీ మిగల్లేదు. ఉదయం మేస్తూ ఉన్నది సాయంత్రానికి నేలమీద. చూసినవాళ్లకు ఇది లోకాంతంలాగే ఉండి ఉంటుంది, ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. కారణం పాశ్చురెల్లా అనే బాక్టీరియా, మన గేదెల్లో గొంతువాపు తెచ్చే జాతిదే. మామూలుగా ఆ జంతువుల గొంతులో ఏ హానీ చేయకుండా ఉండేదే, ఆ ఏడాది అలవాటులేని ఉక్క, వేడి, తేమ వచ్చేసరికి విజృంభించింది. 1981లో, 1988లో కూడా ఇలా మందలు కూలాయి. సైగాలు ఎక్కువగా కవలలను ఈనుతాయి. 2023 నాటికి కజకిస్తాన్‌లో వాటి సంఖ్య 19 లక్షలకు చేరింది. అదే ఏడాది డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య వాటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తప్పించింది. మీ వీడియో 2015 దగ్గరే ఆగిపోయింది.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది, మీ వీడియోలో అది లేదు. బర్డ్ ఫ్లూ. 2021 నుంచి వచ్చిన హెచ్5ఎన్1 అల ఖండాలు దాటి అడవి పక్షులను చంపింది, పెరూ, చిలీ తీరాల్లో సీ లయన్ అనే సముద్ర జంతువులను వేలల్లో చంపింది. 2023లో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఆ ఏడు పుట్టిన ఎలిఫెంట్ సీల్ పిల్లల్లో దాదాపు అన్నీ, 17,000కు పైగా, చచ్చాయి. ఇది మామూలు విషయం కాదు. ఈ వైరస్ వంశం మొదట దొరికింది 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మనుషులు పెంచుకునే గూస్ అనే పెద్దబాతుల్లో. అడవి పక్షులకు అది పోయింది మన పెంపకాల నుంచే. దీన్ని చూసి ఎవరికైనా వాక్యం గుర్తొస్తే, 8:9 కాదు, ప్రకటన 11:18 గుర్తు రావాలి. భూమిని నశింపజేసేవారిని దేవుడు నశింపజేసే సమయం గురించి అక్కడ ఉంది. హోషేయ 4 తర్కం కూడా అదే, మనిషి చేసినదానికి మేత మేసేది చస్తోంది.

కానీ సూచన అని దేన్ని అనాలి? దీనికి నిర్గమకాండము 9 కన్నా మంచి పాఠం లేదు. ఐగుప్తు పశువుల మీద తెగులు వచ్చింది. రాకముందే మోషే చెప్పాడు. ఏ పశువులో చెప్పాడు, గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, ఎద్దులు, గొర్రెలు. ఎప్పుడో చెప్పాడు, రేపు. ఎవరివి చావవో కూడా చెప్పాడు. తెల్లారి అలాగే జరిగింది. ఏడో వచనంలో ఫరో ఏం చేశాడో చూడండి, మనుషులను పంపి విచారించాడు. ఇశ్రాయేలీయుల పశువుల్లో ఒక్కటైనా చావలేదని తేలింది. దేవుణ్ణి ఎదిరించిన ఫరోకే వార్త సరిచూసుకునే ఓపిక ఉంది, మనకు ఫార్వర్డ్ చేయడానికి పది సెకన్లు చాలు. నైలు నదిలో చేపలు చచ్చినప్పుడూ అంతే, మాట ముందు, చేపలు తర్వాత. మన కాలంలో చేపలు ముందు తేలుతున్నాయి, తర్వాత మనం వచనం వెతుక్కుంటున్నాం. అలా వెతికితే దేనికైనా వచనం దొరుకుతుంది. ఇంకొకటి, అంత కచ్చితమైన సూచన చూసి కూడా ఫరో హృదయం కఠినమైంది. భయపెడితే మారుమనస్సు వస్తుందనుకునేవారు ఆ వచనం చివరిదాకా చదవాలి.

మూడో ప్రశ్న, అపహాసకుల సంగతి. పేతురు చెప్పిన అపహాసకులు "ఆయన రాకడను గూర్చిన వాగ్దానమేమాయెను?" అని అడిగేవారు. మీరు అలా అడగడం లేదు. వాళ్లకు పేతురు ఇచ్చిన జవాబు కూడా చూడండి. ఇదిగో ఇన్ని సూచనలు అని లెక్క చూపించలేదు. దేవుడు దీర్ఘశాంతం గలవాడు, ఆ దినం దొంగ వచ్చినట్టు వస్తుంది అన్నాడు. దొంగ ముందు కబురు పెట్టి రాడు. తొందరపడి మనస్సు చలించనివ్వవద్దని థెస్సలొనీకయులకు పౌలు రాసింది కూడా ప్రభువు దినం వచ్చేసిందనే పుకారు గురించే. పుకారును ప్రశ్నించడం అవిశ్వాసమైతే పౌలే మొదటి అవిశ్వాసి.

1780 మే 19న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పట్టపగలే చీకటి కమ్మింది. అడవి మంటల పొగ అని చాలా కాలం తర్వాత తేలింది. ఆ రోజు కనెక్టికట్ శాసనసభలో తీర్పుదినం వచ్చేసిందని భయపడి సభ వాయిదా వేద్దామన్నారు. అబ్రహాం డావెన్‌పోర్ట్ అనే సభ్యుడు ఒప్పుకోలేదు. తీర్పుదినం కాకపోతే వాయిదా అక్కర్లేదు, అయితే నా పని చేస్తూ కనబడటమే నాకిష్టం, కొవ్వొత్తులు తెప్పించండి అన్నాడు. ఆయన్ను అపహాసకుడని ఎవరనగలరు?

పిట్ట నేలరాలడం గురించి ప్రభువే సూటిగా మాట్లాడిన చోటు ఒకటుంది, మత్తయి 10:29. తండ్రి సెలవు లేక ఒక్క పిచ్చుకైనా నేల పడదని. దాని నుంచి ఆయన తీసిన ముగింపు "గనుక మీరు భయపడకుడి" అని. మీరు నిద్రపట్టడం లేదని రాశారు కాబట్టి ఇది చెబుతున్నాను.

ఇక యౌవనస్థుల కూటం. ఆ వీడియోను ఉన్నదున్నట్టు చూపించకండి. చూపించే తీరాలంటే ముందు ఒక్కో దృశ్యం ఏ ఊరిది, ఏ ఏడాదిది, ఏ జాతి అన్నది పిల్లల చేతే వెతికించండి. సగం దృశ్యాలు పదేళ్ల పాతవని వాళ్లే పట్టేస్తారు. వీడియో ఒక్కరోజులో వస్తుంది, చచ్చిన జంతువును కోసి పరీక్షించిన ఫలితం వారాలు పడుతుంది, కాబట్టి తర్వాత వచ్చిన వార్త కూడా చదివించండి. ఆ తర్వాత హోషేయ 4ను మొదటి వచనం నుంచి ఆరో వచనం దాకా ఆపకుండా చదివి, ఇందులో కేసు ఎవరి మీద అని అడగండి. గంట సరిపోదు.

ఎక్కడైనా నిజంగానే పక్షులు గుంపుగా చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టవద్దని, పెంపుడు కోళ్ల దగ్గరికి తేవద్దని, పశువైద్యాధికారికి వెంటనే ఫోన్ చేయమని కూడా వాళ్లకు చెప్పండి. బర్డ్ ఫ్లూ ఉన్న రోజులు కదా.